ఒక్క ప్రాణమూ తీయని గాలి ఓడ

విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లు కుర్సురా జలాంతర్గామిని చూడకుండా రారు. దాని పొడవు 91 మీటర్లు. అలాంటివి రెండున్నర వరసగా పేర్చితే ఎంత ఉంటుందో అంత పొడవు వస్తువు ఆకాశంలో తేలుతున్నట్టు ఊహించుకోండి... అదే గ్రాఫ్ జెప్పెలిన్! 236 మీటర్ల ఈ జర్మనీ గాలి ఓడ 1928 సెప్టెంబరు 18న తొలిసారి ఎగిరింది.

జలాంతర్గామి నీటిలో తేలే సూత్రమే దీనిదీ. తాను పక్కకు నెట్టిన గాలి బరువును మించి తన బరువు ఉండకూడదు. అందుకే అస్థిపంజరాన్ని ఉక్కుతో కాక, డ్యురాల్యుమిన్ అనే తేలికైన మిశ్రమలోహంతో కట్టారు. పైన నూలుబట్ట, లోపల హైడ్రోజన్ సంచులు. ఇంజిన్లకు ప్రధాన ఇంధనం కూడా దాదాపు గాలంత బరువుండే బ్లౌ గ్యాసే. అది ఎంత ఖర్చయినా ఓడ తేలికై పైకి లేచిపోదు.

తోక చిరిగింది!

అదే ఏడాది అక్టోబరులో తొలి అమెరికా యాత్ర. అట్లాంటిక్ మీద తుపాను గాలికి తోక రెక్క బట్ట చిరిగిపోయింది. కెప్టెన్ హ్యూగో ఎకెనర్ వేగం తగ్గించాడు. సిబ్బందిలో కొందరు ఆ రెక్క మీదికి పాకి చిరుగు సరిచేశారు. కింద సముద్రం... పట్టు తప్పితే అంతే. వారిలో ఎకెనర్ కొడుకు క్నూట్ కూడా ఉన్నాడు!

1929లో టోక్యో, లాస్ ఏంజెలెస్ మీదుగా 21 రోజుల్లో భూమిని చుట్టొచ్చింది. విశాఖ పోర్టు ప్రారంభమైన 1933 నాటికి జర్మనీ నుంచి బ్రెజిల్‌కి ప్రయాణికుల్నీ ఉత్తరాల్నీ క్రమం తప్పకుండా చేరవేస్తోంది.

అర నిమిషంలో...

1937 మే 6. అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో దిగబోతున్న హిండెన్‌బర్గ్ అనే మరో జర్మనీ గాలి ఓడ అంటుకుంది. సుమారు అర నిమిషంలో మొత్తం కాలిపోయింది. మంటలంటుకోని హీలియం అప్పట్లో అమెరికా దగ్గరే ఎక్కువగా ఉండేది. దాని ఎగుమతికి అక్కడి చట్టం ఒప్పుకోలేదు. దాంతో హైడ్రోజనే గతైంది. ఓడలోని 97 మందిలో 35 మంది, నేల మీద ఒకరు చనిపోయారు. 62 మంది బయటపడ్డారు. కానీ మంటల దృశ్యాల్ని న్యూస్‌రీళ్లలో చూసిన జనం మళ్లీ గాలి ఓడల్ని నమ్మలేదు.

సరిగ్గా అప్పుడే గ్రాఫ్ జెప్పెలిన్ బ్రెజిల్ నుంచి తిరిగొస్తోంది. వైర్‌లెస్‌లో కబురందినా కెప్టెన్ షిల్లర్ ప్రయాణికులకు చెప్పలేదు. మే 8న క్షేమంగా దిగాకే వాళ్లకు తెలిసింది. ప్రయాణికులతో అదే దాని చివరి యాత్ర.

మొత్తం 590 యాత్రలు, దాదాపు 17 లక్షల కిలోమీటర్లు. ఒక్క ప్రయాణికుడి ప్రాణమూ పోలేదు. అయినా దాని కడుపులో ఉన్నదీ ఆ హైడ్రోజనే కదా! తొమ్మిదేళ్ల మంచిపేరు ఆ ఒక్క మంట ముందు నిలవలేదు. 1940లో దాన్ని ముక్కలు చేసి, లోహాన్ని యుద్ధ అవసరాలకు తీసుకుపోయారు.