బ్రతికి ఉన్నానని రుజువేమిటి?

పింఛను రాలేదేమని అడగబోతే, గుమాస్తాగారు దస్త్రం తిరగేసి, "తమరు గతించినట్లు రాసి ఉందండీ!" అన్నారు. ఎదుట నిలబడ్డ నాకంటె ఆయనకు కాగితమే నమ్మకం! నా పేరే గల మరొకాయన మరణం నా ఖాతాలో పడిందట. మూడు నెలలు తిరిగితే గాని నాకు ప్రాణం రాలేదు.

ఉత్తరప్రదేశ్‌లో, ఆజంగఢ్ జిల్లా లాల్ బిహారీది పొరపాటు కాదు. పొలం కోసం బంధువులే ఆయనను రెవిన్యూ లెక్కల్లో చంపించారు. ఆయన పేరుకు 'మృతక్' అని తగిలించుకున్నాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు, తనవంటివారితో సంఘం పెట్టాడు. సుమారు 18 ఏళ్ళు పోరాడితే 1994లో సర్కారు బ్రతికించింది. 2003లో, నవ్వించి ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

పొరపాటయితే అర్జీతో పోతుంది. ఆస్తిమీద ఆశయితే అంత తేలిక కాదు. అంచేత పాఠకులారా, అడంగలులోనో పహాణీలోనో మీ పేరు ఏటా చూసుకోండి. ఇచ్చిన ప్రతి అర్జీకీ రశీదు పుచ్చుకోండి.