గుర్తు మీది గుర్తు

మధుమేహ నిర్ధారణకు అమెరికన్ డయాబిటిస్ అసోసియేషన్ చెప్పే ప్రమాణాలలో ఒకటి: హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గాని, అంతకు మించి గాని ఉండటం. గణితభాషలో ≥ 6.5. కొన్నేళ్ల క్రితం నా చేతికి వచ్చిన ఒక శిక్షణపత్రంలో ఇది > 6.5 అని ఉంది. రాసినవారు > కొట్టి దానికి అండర్‌లైన్ తగిలించారు. ఫైలును సాదా పాఠంగా మార్చినప్పుడు ఆ గీత రాలిపోయింది. సరిగ్గా 6.5 వచ్చిన రోగి ఆ కాగితం లెక్కన మధుమేహి కాడు. ‘గుడ్డి’లో ఒత్తు ఊడితే ‘గుడి’ మిగిలినట్టు!

ఒక సంబంధ చిహ్నం మీదనో కిందనో మరొకటి చేర్చి కొత్త అర్థం పుట్టించడం గణితంలో మామూలే. సమాన చిహ్నం నెత్తిన def ఉంటే ‘నిర్వచనం ప్రకారం సమానం’ అని. అక్కడే d ఉంటే రెండు యాదృచ్ఛిక చరరాశుల సంభావ్యతా విభాజనం ఒకటేనని. రెండు మంచి పాచికలు వేస్తే వాటి విభాజనం ఒకటే. పడే అంకెలు ఒకటి కానక్కరలేదు. d రాలిపోయిందా, నిజం కాస్తా అబద్ధమవుతుంది.

ఇటువంటి కూర్పును కంప్యూటరుకు నేర్పినవారిలో ఒకడు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్. 1977లో తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండవ సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి నిరాశపడి, టెక్ నిర్మాణానికి పూనుకున్నాడు. టెక్ ప్రతి గుర్తుకూ ఒక జాతి అంటగడుతుంది. అక్షర పరిమాణాన్ని 18 భాగాలు చేస్తే, సంబంధ చిహ్నానికి ఇరుపక్కలా 5 భాగాల ఖాళీ; కూడిక గుర్తుకు 4. సమాన చిహ్నానికి d ని ఘాతాంకంలా తగిలిస్తే అది నెత్తికెక్కదు, కుడిభుజాన వేలాడుతుంది. అందుకే లేటెక్‌లో స్టాక్‌రెల్ అనే ఆదేశం ఉంది: పేర్చినదంతా ఒకే సంబంధ చిహ్నమవుతుంది. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ వారి ఓవర్‌సెట్ ఇంకా తెలివైనది. అడుగున ఉన్న గుర్తు జాతిని గుర్తించి దానికి తగిన ఖాళీనే ఉంచుతుంది. కింద చేర్చడానికి అండర్‌సెట్.

పేర్పు ఎత్తు పెరిగితే వాక్యం మధ్యలో పంక్తులు ఎడమవుతాయి. అటువంటి సూత్రాన్ని విడిగా వేయడమే మర్యాద. యూనికోడ్‌లో ≝ అని సిద్ధంగా ఒక గుర్తు ఉంది గాని, అందులోని def చీమతలకాయంత. ఫోనులో నా కళ్లకు ఆనదు. ≥ సంగతి వేరు. అది ఒకే అక్షరం, నకలు చేసినా గీత ఊడదు. అండర్‌లైన్‌తో దాన్ని తయారు చేయవలసిన అవసరం ఈనాడు ఎవరికీ లేదు.

మందుల వాడకంలో పొరపాట్లను పరిశీలించే అమెరికా సంస్థ ఐఎస్‌ఎంపీ అయితే, >, < గుర్తులనే తారుమారుగా చదివే ప్రమాదముందని, వాటిని మాటలలో రాయమంటుంది. ఆ శిక్షణపత్రానికి సవరణ పంపినప్పుడు నేనూ గుర్తు వాడలేదు. ‘6.5 లేదా అంతకు పైన’ అని రాశాను.