గుర్రం కొంటున్నారా? డాక్టర్ రిపోర్ట్‌లో ‘పాస్’, ‘ఫెయిల్’ ఉండవు.. ఇవి చూశాకే డబ్బులు ఇవ్వండి!

పెళ్లి ఊరేగింపుల కోసం కొందరు, రైడింగ్ స్కూల్ పెట్టాలని మరికొందరు, ఫామ్‌హౌస్‌లో సరదాగా పెంచుకోవాలని ఇంకొందరు.. ఇలా గుర్రం కొనేవారి అవసరాలు రకరకాలు. రాజస్థాన్‌లోని పుష్కర్, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతల్లో మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు అమ్ముతారు. రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ గుర్రాలూ చేతులు మారుతుంటాయి. బేరం కుదిరాక పశువైద్యుడితో చెక్ చేయిస్తే సగం పని అయినట్టే. మిగతా సగం రిపోర్ట్ చేతికొచ్చాక మొదలవుతుంది. అందులో నాలుగైదు లోపాలు కనిపిస్తే కొనాలా? వదిలేయాలా?

డాక్టర్ ఏం చూస్తారు?

ముందు గుర్రం నిలబడి ఉండగానే పరీక్ష జరుగుతుంది. కళ్లు, పళ్లు, గుండె, ఊపిరి, కాళ్లు, డెక్కలు చూస్తారు. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. పళ్లను బట్టి వయసు అంచనా వేస్తారు. అయితే పదేళ్లు దాటిన గుర్రం విషయంలో ఆ లెక్క అటూ ఇటూ కావచ్చు.

తర్వాత గట్టి నేలపై నడిపించి, చిన్నగా పరుగెత్తించి కుంటుతోందా అని గమనిస్తారు. కాలును కాసేపు మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే పరుగెత్తిస్తారు. కీళ్లలో నొప్పి దాగి ఉంటే అప్పుడు బయటపడే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత బాగా పరుగెత్తించి గుండె, ఊపిరి శబ్దాలు వింటారు. కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్లీ నడిపిస్తారు. అవసరాన్ని బట్టి ఎక్స్‌రేలు తీస్తారు.

ఈ లోపం ఎవరికి సమస్య?

ఏ చిన్న లోపమూ లేని గుర్రం దొరకడం చాలా కష్టం. ఆ రోజు గుర్రం ఎలా ఉంది, మీరు చెప్పిన పనికి దాన్ని వాడితే రిస్క్ ఎంత అన్నదే డాక్టర్ చెబుతారు. నిర్ణయం మాత్రం కొనేవారిదే. అందుకే గుర్రాన్ని దేనికి వాడతారో డాక్టర్‌కు ముందే స్పష్టంగా చెప్పాలి.

ఉదాహరణకు పన్నెండేళ్ల గుర్రానికి వెనుక కాలి కీలు కాస్త బిగుసుకుందని అనుకుందాం. వారానికి రెండు రోజులు మెల్లగా స్వారీ నేర్చుకునేవారికి ఆ గుర్రం సరిపోవచ్చు. పైగా ఆ వయసు గుర్రానికి నిదానం ఎక్కువ. అదే గుర్రాన్ని అడ్డంకులు దూకించే పోటీల కోసం కొంటే మాత్రం డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది. పాత గాయం మచ్చ, మానిపోయిన చిన్న ఎముక బుడిపె లాంటివి చాలాసార్లు చూపుకే లోపాలు. కాలి వెనుక టెండన్ దెబ్బతిని ఉన్నా, డెక్క లోపల వాపు వచ్చే లామినైటిస్ చరిత్ర ఉన్నా జాగ్రత్తపడాలి. అవి తిరగబెట్టే సమస్యలు.

గుండెలో అదనపు శబ్దం వినిపించిందంటే వెంటనే భయపడక్కర్లేదు. కొన్ని శబ్దాలు ప్రమాదం లేనివే. పరుగు తర్వాత అది తగ్గిందా, పెరిగిందా అని డాక్టర్‌ను అడగాలి. ఊరేగింపుల్లో వాడే గుర్రానికైతే కాళ్లతో పాటు కళ్లు, స్వభావం కూడా ముఖ్యం. బ్యాండ్ శబ్దానికి, టపాసులకు బెదిరే గుర్రం పెళ్లికొడుకుకే కాదు, చుట్టూ ఉన్న పిల్లలకూ ప్రమాదమే.

ఇక్కడ బేరం వద్దు: గ్లాండర్స్

బేరమాడకూడని విషయం ఒకటుంది. అదే గ్లాండర్స్. బ్యాక్టీరియా వల్ల గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలకు వచ్చే ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది, ప్రాణాలు తీయగలదు. జంతువుల అంటువ్యాధుల నివారణకు 2009లో తెచ్చిన చట్టం పరిధిలో ఈ వ్యాధి ఉంది. పాజిటివ్ అని తేలితే ఆ గుర్రాన్ని నొప్పి లేకుండా చంపేస్తారు. పైకి ఆరోగ్యంగా కనిపించే గుర్రంలోనూ ఈ జబ్బు ఉండొచ్చు. కాబట్టి రక్తపరీక్ష తప్పనిసరి. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ వ్యాధి నిర్ధారణలో కీలకం.

రిపోర్ట్‌పై ఉన్న తేదీ చూడాలి. పాత రిపోర్ట్‌ను నమ్మొద్దు. అందులోని మచ్చలు, రంగు, మైక్రోచిప్ నంబర్ మీ ముందున్న గుర్రంతో సరిపోలాలి. ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని మీ దగ్గరున్న వాటితో కలపొద్దు.

మందులతో మాయ

నొప్పి తగ్గించే ఇంజెక్షన్ ఇస్తే కుంటే గుర్రం కూడా ఆ పూట చక్కగా నడుస్తుంది. మత్తుమందు ఇస్తే మొండి గుర్రమూ సాధువులా నిలబడుతుంది. అందుకే చెక్ చేసే రోజే రక్తం శాంపిల్ తీసి భద్రపరచమని డాక్టర్‌ను కోరాలి. తర్వాత అనుమానం వస్తే పరీక్షించుకోవచ్చు. ‘రక్తం వద్దు’ అని అమ్మే వ్యక్తి అడ్డుపడితే బేరం వదులుకోవడమే మంచిది. పరీక్ష చేసే డాక్టర్ కూడా ఆ గుర్రానికి రోజూ వైద్యం చేసేవారు కాకుండా చూసుకోవాలి.

డబ్బులిచ్చే ముందు..

* ఈ లోపం మందులతో తగ్గుతుందా? జీవితాంతం ఉంటుందా?
* నేను చెప్పిన పనిని ఇంకా ఎన్నేళ్లు చేయగలదు?
* దీనికి నెలకు అదనంగా ఎంత ఖర్చవుతుంది?
* రేపు అమ్మాలనుకుంటే ఈ లోపం వల్ల కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారా?

ఈ నాలుగూ డాక్టర్‌ను నేరుగా అడగండి. భరించగలిగిన లోపమైతే దాన్ని చూపించి ధర తగ్గించమనండి. పరీక్షలో తేడా వస్తే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాలన్న మాట ముందే కాగితంపై రాయించుకోండి.

ధర తగ్గింది కదా అని మాత్రం తొందరపడొద్దు. 400 కిలోల గుర్రం రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండు మేత తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించి లాడాలు మార్పించాలి. టీకాలు, నులిపురుగుల మందు అదనం. బాగా చూసుకుంటే గుర్రం 25 ఏళ్లకు పైగా బతుకుతుంది. జబ్బు గుర్రానికీ మేత అంతే ఖర్చు, పైగా మందుల ఖర్చు తోడవుతుంది. భరించలేక వదిలేస్తే చివరికి అది రోడ్డున పడుతుంది. లెక్క సరిపోదనిపిస్తే డాక్టర్ ఫీజు పోయిందనుకుని వెనక్కి తగ్గడమే మేలు. అది మీకూ మంచిది, ఆ గుర్రానికీ మంచిది.