ఇంజినీరింగ్ సిలబస్‌లో ఇంటి చాకిరీ

“మీ అమ్మగారు ఏం చేస్తారు?” అని అడిగితే “ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది” అని చాలామంది పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, టిఫిన్లు చేసి, క్యారేజీలు కట్టి, అత్తగారి బీపీ మాత్ర కూడా గుర్తుపెట్టుకునే మనిషి గురించే ఆ జవాబు. హైదరాబాద్ జేఎన్‌టీయూ పరిధిలోని బీటెక్ విద్యార్థులు ఈ మాటనే క్లాసులో చర్చకు పెడతారు. ‘మా అమ్మ పని చేయదు’ అన్న పాఠ్యాంశమే ఉంది వాళ్లకు.

ఆ పాఠం ఉన్న పుస్తకం ‘టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్’ను 2015లో తెలుగు అకాడమీ వేసింది. ఇంగ్లిషూ తెలుగూ రెండూ ఉంటాయి. సూసీ తారు, రమా మెల్కోటే, గోగు శ్యామల, దుగ్గిరాల వసంత వంటివాళ్లు దాన్ని రాసిన బృందంలో ఉన్నారు. ఆడపిల్ల పుట్టకుండా చేసే స్కానింగుల నుంచి వేధింపుల దాకా, చరిత్ర ఎవరిదన్న ప్రశ్న దాకా అందులో ఉన్నాయి.

ఇంజినీర్లకు లెక్కలంటే నమ్మకం కాబట్టి ఓ లెక్క. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెట్టేవారు. మగవాళ్లు 97 నిమిషాలు. అదీ అసలు చేయి పెట్టేవాళ్ల సంగతే. అలాంటి మగవాళ్లు నూటికి 26 మందే.

మన దేశంలో స్త్రీల అధ్యయనాలకు ఊపునిచ్చింది కూడా ఇలాంటి అంకెలే. 1971లో కేంద్రం స్త్రీల స్థితిగతులపై ఒక కమిటీ వేసింది. ఫుల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. రాజ్యాంగం సమానత్వం ఇచ్చేశాక ఇంకా చూడాల్సిందేముందన్న ధీమా అప్పట్లో చదువుకున్నవాళ్లలో బాగానే ఉండేది. 1974 నాటి నివేదిక దాన్ని చెదరగొట్టింది. వెయ్యిమంది మగవాళ్లకు 1901లో 972 మంది స్త్రీలుంటే, 1971కి 930 మందే మిగిలారు. అదే 1974లో బొంబాయి ఎస్‌ఎన్‌డీటీ విశ్వవిద్యాలయంలో నీరా దేశాయ్ స్త్రీల అధ్యయనాలకు పరిశోధన విభాగం పెట్టారు. 1986 విద్యావిధానం తర్వాత యూజీసీ సాయంతో ఇలాంటి కేంద్రాలు మరికొన్ని వచ్చాయి.

తెలుగునాట మాత్రం అసలు పని యూనివర్సిటీ గోడల బయటే జరిగింది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు టేప్‌రికార్డర్లు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివాళ్లు చెప్పిన కథలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేశారు. పోరాటంలో తిరుగుతూ కన్నబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ కథ అందులో ఉంది. నాయకుల జ్ఞాపకాల్లో తుపాకులకూ తీర్మానాలకూ దక్కిన చోటు ఇలాంటి కడుపుకోతకు దక్కలేదు. ఆ పుస్తకంతో ‘పోరాటం’ అన్న మాటకు కొలతే మారింది. 1985లో హైదరాబాద్‌లో మొదలైన అన్వేషి పరిశోధన కేంద్రం ఈ బాటనే ఇంకా ముందుకు తీసుకెళ్లింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన భారతీయ స్త్రీల రచనల రెండు సంపుటాల వల్ల, బ్రిటిష్‌వాళ్లు నిషేధించిన ‘రాధికా సాంత్వనము’ రాసిన ముద్దుపళని పేరు తెలుగు దాటి బయటి పాఠకులకూ తెలిసింది.

మళ్లీ బీటెక్ దగ్గరికొస్తే, జేఎన్‌టీయూ 2018 నాటి ఆర్18 సిలబస్‌లో ఈ పాఠాలుండే ‘జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్’ తప్పనిసరి. వారానికి రెండు గంటలు. క్రెడిట్లు సున్నా! ఇంటి చాకిరీ గురించి చెప్పే కోర్సుకు ఇంతకంటే ఎత్తిపొడుపు ఉండదు. సున్నా అని పిల్లలు తేలిగ్గా తీసుకోవచ్చు, కాలేజీలూ తీసుకోవచ్చు. అయితే మార్కుల పద్ధతి చూస్తే పెట్టినవాళ్ల ఉద్దేశం అర్థమవుతుంది: తరగతి చర్చకు 20 శాతం, ప్రాజెక్టుకు 30, చివరి పరీక్షకు 50. నోరు విప్పకుండా బట్టీతో గట్టెక్కడం కష్టం. పైగా దీన్ని ఇంగ్లిషు, సోషియాలజీ మేష్టార్లే చెప్పాలన్న నియమం లేదు. విషయం తెలిస్తే ఇంజినీరింగ్ విభాగాలవాళ్లూ చెప్పవచ్చని సిలబస్‌లోనే రాశారు. ఇంజన్ల పాఠం చెప్పే మెకానికల్ మేష్టారు వంటింటి పనిభారం గురించి చెబితే, వెనక బెంచీ వాళ్లు కూడా ఒక చెవి వేస్తారు.