పలకరాతి నేలలో మూడో పిన్ను

పోయిన ఎండాకాలం గిద్దలూరు పక్క పల్లెలో ఉన్న అక్కావాళ్లింటికి వెళ్లాను. మేనకోడలు డిగ్రీలో చేరిందని బావ కొత్త కంప్యూటర్ కొన్నాడు. పిల్ల చెప్పుల్లేకుండా బండల మీద కాళ్లు ఆనించి కూర్చుని, పెన్‌డ్రైవ్ పెట్టబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“షాక్ కొడతాంది మామా. పెద్దగా కాదు, చీమ కుట్టినట్టు జిల్లుమంటాంది.”

“కొత్తది గదా, పవర్ ఎక్కువ” అని బావ నవ్వేశాడు.

బల్ల వెనక్కి వంగి చూశాను. కంప్యూటర్ తీగకు ఉన్నది మూడు పిన్నుల ప్లగ్గు. గోడకున్నది రెండు రంధ్రాల పాత సాకెట్. రెంటికీ పొత్తు కుదర్చడానికి మధ్యలో ఒక కన్వర్టర్ గుచ్చారు. పైనున్న లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, దాంట్లోకి దిగిందేగానీ, అక్కణ్ణుంచి ఎటూ పోలేదు. ఇంటి కంప్యూటర్‌కి ఏం తగిలించాలి, ఏ సేవలు పెట్టుకోవాలి అని అడిగేవాళ్లకు నేను మొదట చూపించేది ఆ పిన్నునే. ప్రింటర్, కెమెరా, నెట్టు అన్నీ దాని తర్వాతే.

కంప్యూటర్ లోపలి పవర్ సప్లైలో, కరెంటులోని రొదను వడగట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు పెడతారు. ఒకటి ఫేజ్ నుంచి రేకు డబ్బాకు, ఇంకోటి న్యూట్రల్ నుంచి అదే డబ్బాకు. ఆ రొద డబ్బా మీదుగా ఎర్త్ తీగలోకి పోవాలని ఏర్పాటు. ఎర్త్ తీగే లేకపోతే డబ్బా ఆ రెంటి నడుమ వేలాడుతుంది. 230 వోల్టుల్లో సగం, అంటే సుమారు 115 వోల్టులు దాని మీద కూర్చుంటాయి. అందులోంచి పారే కరెంటు మిల్లీయాంపులో చిన్న వంతే. అందుకే మనిషికి జిల్లుమని ఊరుకుంటుంది.

యంత్రాలకు మాత్రం అంతటితో పోదు. ఈ కంప్యూటర్‌ని హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపారనుకోండి. టీవీ డబ్బా వేరే వోల్టేజీ దగ్గర ఉంటుంది. ప్లగ్గు తగిలిన క్షణంలో ఆ తేడా అంతా సన్నటి పిన్నుల గుండా సర్దుకుంటుంది. ఆ పిన్నుల వెనకున్న చిప్పులు మూడు నుంచి ఐదు వోల్టులకు అలవాటుపడినవి. “నిన్నటిదాకా బాగానే ఉంది, టీవీకి పెట్టంగానే పోర్టు పోయింది” అని రిపేరు షాపుకి వచ్చేవాళ్లలో కొందరి కథ ఇదే. ఎర్త్ సరిచేసేదాకా స్విచ్‌లు ఆపి, ప్లగ్గులు పీకి, ఆ తర్వాతే తీగలు కలపడం మంచిది.

సరే, ఎర్త్ పెట్టించుకుంటే పోలా అంటారా? మన గిద్దలూరు, మార్కాపురం వైపు చిక్కంతా అక్కడే. మార్కాపురం పలకల మీద అ ఆలు దిద్దినవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. ఆ పలకరాయి ఈ నేలదే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ల వరసకు కంభం ఊరి పేరే పెట్టారు. వయసు వంద కోట్ల ఏళ్ల పైమాట. ఒత్తిడికి పొరలు పొరలుగా అణిగిన బురద ఇది. పొరకు పొర చీలుతుంది కాబట్టే పలక అయింది. దీనికి ఇంకో గుణం ఉంది: కరెంటును పోనివ్వదు, నిప్పంటుకోదు. అమెరికా, ఐరోపాల్లో కరెంటు వచ్చిన తొలిరోజుల్లో స్విచ్‌బోర్డులు పలకరాతి బండలకే బిగించేవారు. స్విచ్‌బోర్డుకు అంత మేలు చేసిన గుణమే ఎర్త్ గుంత తవ్వేవాడికి తలనొప్పి అయింది.

ఎర్త్ అంటే కరెంటును నేలకు అప్పజెప్పడం. నేల దాన్ని తీసుకోవాలంటే తడి ఉండాలి, తడిలో ఉప్పు కరిగి ఉండాలి. తడి రేగడి నేల సులువుగా తీసుకుంటుంది. ఎండిన రాతినేల అడ్డం తిరుగుతుంది; రెంటికీ నిరోధంలో తేడా వందల రెట్లు ఉండొచ్చు. ఎర్త్ గుంతలో గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసేది ఆ తడిని నిలపడానికే. ఏప్రిల్, మే నెలల్లో, తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లో, ఎర్త్ గుంతకు రోజూ నీళ్లు పొయ్యమని ఏ ముఖం పెట్టుకుని చెప్తాం? అందుకే బావకు చెప్పాను, గుంతను స్నానాల గది నీళ్లు పోయే చోట తవ్వించమని. ఆ నీళ్లు ఎలాగూ పోతాయి.

ఒక సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. జిల్లుమనడం ఆగింది కాబట్టి ఎర్త్ బాగుంది అనుకుంటే పొరపాటు. ఆ చిన్న కరెంటును నాసిరకం ఎర్త్ కూడా తీసేసుకుంటుంది. అసలు పరీక్ష, లోపల ఫేజ్ తీగ ఊడి డబ్బాకు తగిలినప్పుడు. ఎర్త్ నిరోధం 100 ఓమ్‌లు ఉంటే, 230ని 100తో భాగించండి: 2.3 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఫ్యాను, లైట్ల కరెంటులాగే కనిపిస్తుంది, కదలదు. డబ్బా నిండు ఫేజ్ మీదే ఉండిపోతుంది. ఇక్కడ ఆదుకునేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమేనా అని అది క్షణక్షణం తూచుకుంటూ ఉంటుంది. 30 మిల్లీయాంపుల తేడా వస్తే చాలు, రెప్పపాటులో ఆపేస్తుంది. నేల ఎంత మొండిదైనా దాని తూకం తప్పదు. రాతినేల మీద ఇల్లున్నవాళ్లకు కంప్యూటర్ తాలూకు మొదటి కొనుగోలు ఇదే అని నా గట్టి నమ్మకం. లైట్లు మెరిసే కీబోర్డు ఆ తర్వాత చూసుకోవచ్చు.

యూపీఎస్ సంగతి ముక్తసరిగా చెప్తాను. మామూలు చిన్న యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. గుణిస్తే 84 వాట్-అవర్లు. మానిటర్‌తో కలిపి 100 వాట్లు తాగే కంప్యూటర్‌కి, మధ్యలో పోయే నష్టాలు తీసేస్తే, కొత్తలో ఓ ఇరవై నిమిషాలు వస్తుంది. పని దాచుకుని కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపడానికి సరిపోతుంది, సినిమా చూడ్డానికి కాదు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం దానికి తగిలించొద్దు. కాగితం మీద పొడిని కరిగించి అతికించడానికి అది లోపలి రోలర్‌ను 200 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. ఆ ఒక్క గుక్కకే యూపీఎస్ కుయ్యోమంటుంది.

ప్రింటర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తక్కువ ధరకు వస్తుందని ఇంక్‌జెట్ కొంటారు. ఆ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. అది దూకే రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నవి. ఏడాదిలో నాలుగుసార్లు, అదీ ఫీజు రశీదు కోసం వాడే ఇంట్లో, మార్కాపురం ఎండలకు ఆ రంధ్రాల దగ్గర ఇంకు ఎండి పిడచ కడుతుంది. అరుదుగా వాడేవాళ్లకు పొడి టోనర్‌తో నడిచే నలుపు తెలుపు లేజరే మేలు. స్కానర్ ఎలాగూ ఫోన్ కెమెరాలోకి వచ్చేసింది.

తగిలించిన వస్తువును కంప్యూటర్ ఎలా గుర్తుపడుతుందని మేనకోడలు అడిగింది. 1996లో వచ్చిన యూఎస్‌బీ గొప్పతనం అదే. తీగ తగలగానే కంప్యూటర్ “నువ్వెవరు?” అంటుంది. వస్తువు రెండు అంకెలు చెప్తుంది, ఒకటి కంపెనీది, ఇంకోటి సరుకుది. ఆ అంకెలకు తగిన డ్రైవర్‌ను కంప్యూటర్ వెతుక్కుంటుంది. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్. లెక్కకు రెండున్నర వాట్లు. అలాంటి ఒక్క పోర్టుకు హబ్బు పెట్టి నాలుగు వస్తువులు వేలాడదీస్తే, హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటూ తిరగలేక ఆగిపోతుంది. డిస్కు చెడిపోయిందని పారెయ్యకండి. దానికి తిండి చాలలేదంతే.

ఇక నెట్టు. డయలప్ రోజులు నాకు బాగా గుర్తు. సెకనుకు 56 కిలోబిట్లు, అదీ లైన్ బాగుంటే. ఐదు మెగాబైట్ల ఫొటో దిగడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. ఉరుము వినపడితే ముందు టెలిఫోన్ తీగ పీకడానికి పరుగెత్తేవాళ్లం, ఎందుకంటే రాగితీగ వెంట పిడుగు తాకిడి ఇంట్లోకే వచ్చేది. ఒకసారి పీకడం మరిచిపోయాను, మోడెం మాడి వాసనొచ్చింది.

ఇప్పుడు వచ్చేది గాజుపోగు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. తొలి ప్యాకేజీ నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను. భూమి తవ్వకుండా, కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ లాగడంతో అది ఆ ధరకు కుదిరింది. రాతి నేలలో కాలవ తవ్వడమంటే ఏమిటో బావి తవ్వించిన ఏ రైతునైనా అడగండి, ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది. గాజులో కరెంటు పారదు కాబట్టి ఈ తీగకు మూడో పిన్ను బాధ లేదు, పిడుగు దీని వెంట రాదు. దాని చివరనున్న పెట్టెకు కరెంటు అడాప్టర్ ఉంటుంది కాబట్టి ఆ దారి మాత్రం తెరిచే ఉంటుంది. ఉరిమినప్పుడు అది పీకాల్సిందే.

ఆ తీగలో వెలుగు రెండు రంగుల్లో ఎదురెదురు ప్రయాణం చేస్తుంది. రెండూ మన కంటికి కనపడనివే. మనవైపు వచ్చేది 1490 నానోమీటర్లు, మన నుంచి పోయేది 1310. దారిలో వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిటర్ ఉత్త గాజు ముక్క, దానికి కరెంటే అక్కర్లేదు. కాబట్టి ఊళ్లో కరెంటు పోయినా, అవతలి కేంద్రంలో బ్యాటరీ ఉండి, మీ ఇంటి పెట్టెకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంటే నెట్టు పోదు. ఆ పెట్టె తాగేది పది పన్నెండు వాట్లే. కోతలున్న ఊళ్లో ఇంతకన్నా పనికొచ్చే చిన్న వస్తువు లేదు.

“15 ఎంబీ అన్నారు, రెండు కూడా రావట్లేదు” అనేది అందరి ఫిర్యాదూ. కంపెనీ చెప్పేది మెగాబిట్లు, మన ఫైళ్లు మెగాబైట్లు. ఎనిమిదితో భాగించాలి. 15 మెగాబిట్లంటే సెకనుకు 1.9 మెగాబైట్లు, పెళ్లి ఫొటోలు ఐదు గిగాబైట్లు దించుకోవడానికి నలభై ఐదు నిమిషాలు. అంతకన్నా తగ్గితే, బయటి లైన్‌ను తిట్టేముందు పెట్టె ఎక్కడుందో చూడండి. బావ దాన్ని దుమ్ము పడుతుందని ఇనప బీరువా పక్క అలమరలో దాచాడు. వైఫై తరంగం ఇనుమును దాటదు, మూరెడు మందం రాతిగోడను దాటేసరికి సొమ్మసిల్లుతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, ఓపిక తక్కువ, 2.4ది అందుకు తలకిందులు. మేం పెట్టెను నడవలోకి మార్చి, కంప్యూటర్‌కి నేరుగా లాన్ తీగ లాగాం. అది వంద మీటర్ల దాకా పనిచేస్తుంది.

ఆ రాత్రి బావ ‘మీ భూమి’ వెబ్‌సైట్‌లో తన పొలం 1-బి పత్రం తీయించాడు. సర్వే నంబరు సరిగ్గా ఉందని రెండుసార్లు చూసుకున్నాడు. మేనకోడలు మార్కుల మెమోను డిజీలాకర్‌లోంచి తీసి చూపించింది. కంప్యూటర్‌లో తెలుగు రావట్లేదంటే యూనికోడ్ కీబోర్డు పెట్టాను. “మార్కాపురం” అని కొట్టింది. కంటికి నాలుగక్షరాలే, లోపల పది సంకేతాలు: మ, దీర్ఘం, ర, పొల్లు, క, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా. మామూలుగా దాచే పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం ముప్పై. డీటీపీ షాపుల పాత ఫాంట్లలో కొట్టింది ఇంకో కంప్యూటర్‌లో పిచ్చి గీతలై కనిపించేది. ఇది ఏ దేశంలో తెరిచినా మార్కాపురమే.

మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. మీరు పిలిస్తే “ఎర్త్ ఉందా?” అని అడక్కండి, ఎవరైనా ఉందనే అంటారు. “మీటర్ పెట్టి ఎన్ని ఓమ్‌లో చెప్పు” అనండి. అదీ మే నెలలో అడగండి, వానలు పడ్డాక కాదు. మా అక్కావాళ్లింట్లో కొత్త గుంత స్నానాల గది వెనక తవ్వారు. మూడడుగుల లోతునే పలకరాయి తగిలింది.