కంప్యూటర్ జ్ఞాపకశక్తి – వేగానికి గల హద్దులు

కంప్యూటర్ కొనదలచిన విద్యార్థి నేడు మొదట విచారించేది ర్యామ్ వేగాన్ని గూర్చి. పెట్టెపై 3600 అని ఉన్నది 3200 అని ఉన్నదానికంటె తప్పక మేలైనదని అతని నమ్మకం. అందులో సగమే సత్యం.

హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వారి టి.డి.సి.-12 వంటి తొలి యంత్రాలలో జ్ఞాపకశక్తి సూక్ష్మమైన అయస్కాంత ఉంగరాలలో ఉండేది. విద్యుత్తు పోయినా అవి మరచిపోయేవి కావు. 1966లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెన్నార్డ్ ఊహించిన పద్ధతి వేరు. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ కలిసి ఒక్కొక్క బిట్టును దాచుకొంటాయి. నేటి ర్యామ్ అంతా ఇదే. అయితే ఈ కెపాసిటర్ చిల్లికుండ వంటిది. సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపల దానిని మరల నింపవలెను. వేడి పెరిగిన కొలది కారుట అధికమవుతుంది.

ఇక వేగం సంగతి. 3200 అనగా సెకనుకు 320 కోట్ల మార్లు సమాచారం చేరవేయుట. గడియారపు స్పందనలు అందులో సగం. అడిగిన సమాచారం రావడానికి కొన్ని స్పందనలు వేచి ఉండాలి. దీనినే సి.ఎల్. అంటారు. 3200 వేగంలో 16 స్పందనలైతే ఆలస్యం 10 నానోసెకన్లు. 3600 వేగంలో 18 అయినా అదే 10! 3200 వేగంలో 14 అయితే 8.75 మాత్రమే. కనుక రెండు అంకెలనూ చూడక ధర చెల్లించరాదు.

డి.డి.ఆర్.4 రకానికి ప్రమాణంగా నిర్ణయించిన వోల్టేజి 1.2. పెట్టెపై 3600 అని ఉన్నవి సాధారణంగా 1.35 వోల్టుల వద్ద ఆ వేగాన్ని అందుకొంటాయి. అదీ బయాస్‌లో ఎక్స్.ఎం.పి. అమరికను ఎంచుకొన్నప్పుడే. ఆ సంగతి తెలియక తక్కువ వేగంతోనే ఏళ్ల తరబడి నడుపుకొనేవారు ఎందరో! ప్రమాణాన్ని మించి నడపడమే ఓవర్‌క్లాకింగ్.

ఇక్కడ చిప్పు స్వభావం ప్రధానం. శామ్‌సంగ్ వారి బి-డై వోల్టేజి పెంచినకొద్దీ ఆలస్యాన్ని బాగా తగ్గించుకొంటుంది. కాని వేడికి ఓర్వలేదు. మైక్రాన్ వారి ఇ-డై అధిక వేగాన్ని సులువుగా అందుకొంటుంది గాని, వరుస తెరిచిన పిమ్మట గడిని చేరుటకు ఎక్కువ వ్యవధి కోరుతుంది. ఒకే పేరుతో అమ్మే సరుకులో సైతం ఒక్కొక్క విడతలో ఒక్కొక్క చిప్పు ఉండవచ్చు. అంగడిలో దీనిని చెప్పేవారు అరుదు.

అమరిక హద్దు మీరితే యంత్రం లేవకపోవచ్చు. అది చిన్న కష్టమే, బయాస్‌ను పూర్వస్థితికి తెస్తే చాలు. అసలు ప్రమాదం యంత్రం చక్కగా నడుస్తున్నట్లే కనిపించినప్పుడు కలదు. మార్కుల పట్టికలోని 72 ద్విసంఖ్యామానంలో 1001000. మొదటి బిట్టు ఒక్కటి తప్పితే అది 8 అవుతుంది. ఏ హెచ్చరికా రాదు. కళాశాల కార్యాలయంలో మార్కులు, రుసుముల లెక్కలు ఉంచే యంత్రాన్ని నిర్ణీత వేగంలోనే నడపాలి. వీలైతే ఒక బిట్టు తప్పును తానే దిద్దుకొనే ఇ.సి.సి. ర్యామ్ కొనుట ఉచితం. ఈ విషయం కమిటీ పెద్దలు ఆలోచింపదగినది.

సొంత యంత్రంపై ప్రయోగం చేయదలచిన విద్యార్థి వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను గంటల తరబడి నడపవలెను. మన చుండూరు, తెనాలి ప్రాంతంలో డిసెంబరు రాత్రి నెగ్గిన అమరిక మే నెల మధ్యాహ్నం, ఫ్యాను మాత్రమే తిరిగే గదిలో, ఓడిపోవచ్చు. ఆ పరీక్షను వేసవిలో మరొకమారు జరపాలి.