బెల్లంలా పుల్లగా

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవరాలు కనుమ నాడు పొద్దున్నే వంటింట్లో దూరి "టీ నేను పెడతా" అంది. చల్లటి పాలు గిన్నెలో పోసి, టీపొడి, పంచదార, దంచిన అల్లం అన్నీ ఒక్కసారే పడేసి పొయ్యి మీద పెట్టింది. ఇంకా పొంగు రానేలేదు, పాలు కాస్తా పలుకులు పలుకులైపోయాయి. "పాలు మంచివి కావు మామ్మా" అనేసరికి మా ఆవిడ మొహం మాడిపోయింది. పక్కింటి గేదె పాలు, పితికి గంటైనా కాలేదు.

"గేదెనేమీ అనకు, అనేదుంటే అల్లాన్ని అను" అన్నాను.

పచ్చి అల్లంలో మాంసకృత్తుల్ని తెగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. పేరు జింజిబైన్. కత్తిపీట అనుకోండి. పాలలో కేసీన్ అనే మాంసకృత్తి కంటికి కనపడనంత చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఉండల చుట్టూ ఉన్న నూగు వాటిని ఒకదాన్నొకటి అంటుకోనివ్వదు. కత్తిపీట ఆ నూగును గొరిగేసిందా, ఉండలన్నీ అతుక్కుని ముద్దలు కడతాయి. దీనికి పదునెక్కేది సుమారు 60 డిగ్రీల వేడి దగ్గర. మరుగుదాకా పోతే మొద్దుబారిపోతుంది. చల్లటి పాలలో అల్లం వేసి నెమ్మదిగా కాస్తే, ఆ 60 దగ్గర దానికి బోలెడంత తీరిక దొరుకుతుంది. మా ఆవిడ ఎప్పుడూ ముందు నీళ్ళలో అల్లం తెర్లించి, ఆ తరవాతే పాలు పోస్తుంది. జింజిబైన్ అనే మాట ఆవిడ విననైనా వినలేదు, నలభై ఏళ్ళలో టీ మాత్రం ఒక్కసారీ విరగలేదు. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వాళ్ళు కావాలనే అల్లం రసం మీద వేడి పాలు పోసి, జున్నులా పేరుకున్నాక చెంచాతో తింటారు. ఇక్కడ తిట్లు పడ్డ పని అక్కడ మిఠాయి. కోడికూర ముక్కలకి అల్లం పట్టించి నానబెడతాం చూడండి, ముక్క మెత్తబడటంలో ఈ కత్తిపీట చెయ్యి కూడా కొంత ఉంది.

మా పిల్ల ఆ టీ పారబొయ్యలేదు. వడకట్టుకుని తాగేసింది. ఆ మొండితనం వాళ్ళ నాన్నది.

టిఫినుకి పెసరట్టు. పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి. నాలుగేళ్ళ మనవడు అల్లం ముక్క కొరికి "కాలింది" అన్నాడు. వాడి మాటలో తప్పేం లేదు. నాలుక మీద నరాల కొసల్లో టీఆర్‌పీవీ-1 అనే తలుపులుంటాయి. వేడి 43 డిగ్రీలు దాటితే తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపడం వాటి పని. మిరపలోని కాప్సైసిన్, అల్లంలోని జింజెరాల్ దొంగతాళంచెవులు. వేడి లేకుండానే ఆ తలుపు తీసేస్తాయి. ఈ తలుపు ఆచూకీ 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. కాబట్టి మంట రుచి కాదు, తప్పుడు కబురు.

పెసరట్టు పక్కన అల్లం పచ్చడి లేకపోతే మా కోనసీమలో ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. చింతపండు, బెల్లం బాగా పడాలి. అల్లం అంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నాడట ఒకడు. వాణ్ణి తెలివితక్కువవాడని ఆడిపోసుకుంటాం గానీ, వాడు ఏ కొత్తపేట హోటల్లోనో పెసరట్టు తిని వచ్చినవాడై ఉంటాడని నా అనుమానం.

వంటలో ఉడికిన అల్లానికి అంత కాటు ఉండదు. వేడికి జింజెరాల్ కొంత విరిగి జింజెరోన్ అవుతుంది. దానికి ఘాటు తక్కువ, కాస్త తియ్యటి వాసన. ఎండితే కథ అడ్డం తిరుగుతుంది. జింజెరాల్ తనలోంచి ఒక నీటి అణువు పోగొట్టుకుని షోగాల్ అవుతుంది. షోగా అంటే జపానువాళ్ళ భాషలో అల్లమే. షోగాల్ ఘాటు జింజెరాల్ కంటే రెట్టింపు పైనే. పచ్చిది, ఉడికినది, ఎండినది అంటూ మనం ఒకే కొమ్ముతో మూడు వేరు వేరు సరుకులు వాడుతున్నామన్నమాట. మన పెద్దవాళ్ళు అల్లానికి ఓ పేరు, శొంఠికి ఓ పేరు పెట్టడం ఊరికే కాదు.

మధ్యాహ్నానికి నాకు తలనొప్పి. మా ఆవిడ సానరాయి తీసింది. నాలుగు చుక్కల నీళ్ళు, గట్టిపడి ఎముకలా ఉన్న శొంఠి కొమ్ము. గుండ్రంగా అరగదీస్తుంటే ముందు గరగరమని చప్పుడు, తరవాత మట్టిరంగు గంధం, ఆ తరవాత ముక్కు అదిరే వాసన. నుదుటికి పట్టు వేస్తే రెండు నిమిషాల్లో చురచురమంది. అదీ ఆ తలుపు పనే, చర్మంలోనూ ఉంటుంది. నొప్పి తగ్గిందా, చురుకు ముందు నొప్పి వెనక్కి తగ్గిందా అంటే, రెండోదేనేమో. కంటికి మాత్రం దూరంగా ఉంచాలి, చిన్నపిల్లల నుదుటి జోలికి పోకూడదు.

శొంఠి లేని కషాయం లేదంటారు. సరే, కానీ అల్లం జలుబుని నయం చెయ్యదు. వేడి కషాయం గొంతుకి హాయినిస్తుంది, ముక్కు దిబ్బడ కాసేపు వదులుతుంది, జలుబు తన వారం తాను తీసుకునే పోతుంది. అల్లానికి నేను గట్టిగా మార్కులు వేసేది కడుపులో తిప్పడం దగ్గరే.

1982లో లాన్సెట్ పత్రికలో ఓ ప్రయోగం వచ్చింది. బస్సెక్కితే చాలు కడుపులో తిప్పేసే రకం కాలేజీ పిల్లల్ని 36 మందిని తీసుకున్నారు. కొందరికి శొంఠి పొడి, కొందరికి వాంతుల మాత్ర, కొందరికి ఉత్తుత్తి పొడి. కళ్ళకి గంతలు కట్టి గిరగిర తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. శొంఠి మింగినవాళ్ళలో సగం మంది 6 నిమిషాలూ ఉన్నారు. మిగతావాళ్ళలో ఒక్కరూ నిలవలేదు. తరవాత చేసిన పరీక్షలన్నీ దీనికి వంత పాడలేదు, అదీ చెప్పాలి. వేవిళ్ళ వికారానికి మాత్రం రోజుకి 1 గ్రాము, అంటే అర చెంచా శొంఠి పొడి, కొంత పనిచేస్తుందని చాలా పరీక్షల్లో తేలింది. డాక్టరమ్మతో ఓ మాట చెప్పి వాడుకోవడం మంచిది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే నాలాంటివాళ్ళూ, గుండెల్లో మంట ఉన్నవాళ్ళూ మందులా మింగకూడదు. కూరలో, పచ్చడిలో పడేదానికి భయం లేదు.

ఇంత చెప్పి, పెరట్లో అల్లం ఉందా అంటే లేదు. కొబ్బరిచెట్ల కింద రెండుసార్లు వేశాను. నీడ దానికి ఇష్టమే, నిలవనీరు చేదు. మా ఒండ్రు నేల వానాకాలంలో నీటిని వదలదు. రెండుసార్లూ దుంపకుళ్ళు తగిలి, లాగితే కొమ్ము చేతికి బురదలా వచ్చింది. పాడేరు కొండవాలుల్లో నీళ్ళు జారిపోతాయి, అక్కడ బాగా వస్తుంది. ఇక్కడ కందా, పసుపూ చాలనుకుని ఊరుకున్నాను.

పిల్లలు తిరిగి వెళ్ళే రోజు. అమలాపురం నుంచి రావులపాలెం దాకా కాలవ పక్క మలుపులు. పిల్ల చేతిలో కవరు లేనిదే ఆ దారి ఎప్పుడూ దాటలేదు. చెవి లోపలి నీళ్ళు "కదులుతున్నాం" అంటాయి, ఫోన్ మీదున్న కళ్ళు "లేదే" అంటాయి, ఆ తగాదాలో నష్టపోయేది కడుపు. మా ఆవిడ శొంఠి, బెల్లం దంచి ఉసిరికాయంత ఉండలు కట్టి డబ్బాలో పెట్టింది.

తణుకు దాటాక ఫోన్.

"తాతయ్యా, కవరు వాడలేదు."

"చూశావా మరి!"

"ఆగు. తమ్ముడికి శొంఠి లేని ఉత్తి బెల్లం ఉండ ఇచ్చాను, వాడికి చెప్పకుండా. వాడికీ ఏం కాలేదు."